పిల్లిగద్దలు: వర్గీకరణ, నామకరణం

గద్దలు, డేగలు, రాబందులు చేరే ఆక్సిపిట్రిడే కుటుంబంలో సర్కస్ అనే ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల సముదాయానికి, చెందిన వేటపక్షులే పిల్లిగద్దలు. ప్రపంచంలో ఇవి సుమారు 16 జాతులు కాగా భారతదేశంలో ఆరు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం చలికాలపు వలస పక్షులే. పాపికొండల నడుమ ఇరుకుగా పారిన గోదావరి పోలవరం దాటి మైదానంలోకి దిగాక, దట్టమైన అడవి గిట్టని ఈ పక్షులకు కావలసిన బయలు మొదలై, డెల్టా వరిచేల మీదుగా కొల్లేరు దాకా సాగుతుంది.

సార్వా కోతలయ్యాక కొయ్యకాళ్లకు కాస్త పైగా, రెక్కలు ఎత్తిపట్టి అటూ ఇటూ ఒరుగుతూ, చేను పొడవునా గాలించే తీరే వీటి ప్రధాన గుర్తు. ముఖం చుట్టూ బిరుసైన పొట్టి ఈకలు గుడ్లగూబకున్నట్టే పళ్లెంలా అమరి, గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును చెవులవైపు మళ్లిస్తాయి. జెర్డన్ 1862లో ప్రచురించడం ఆరంభించిన భారతీయ పక్షుల గ్రంథంలో తెలుగు పేరుగా నమోదైన 'పిల్లి గెద్ద' ఆ ముఖానికి అతికినట్టుంటుంది. తమిళంలోనూ ఇదే అర్థమిచ్చే పేరుంది.

శాస్త్రీయ నామం మాత్రం గమనాన్ని బట్టి వచ్చింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేడ్ 1799లో స్థిరపరచిన 'సర్కస్' పదానికి మూలం, వలయాన్నీ వలయాలుగా తిరిగే డేగనూ సూచించే గ్రీకు 'కిర్కోస్'. వినోదాల సర్కస్ కూడా ఆ మాట సంతతే. అంతకుముందు 1758లో లినేయస్ వీటిని సాళువలతో కలిపి ఫాల్కో ప్రజాతిలో ఉంచి, తుప్పు రంగును బట్టి ఒకదాన్ని ఎరుగినోసస్ అనీ, తోక మొదట తెల్లపట్టీ ఉన్నదాన్ని పైగార్గస్ అనీ పిలిచాడు. కొల్లేటి రెల్లు మీద చలికాలమంతా తిరిగేది ఈ ఎరుగినోససే.

అసలు చిక్కు రంగు తెచ్చిపెట్టింది. అనేక జాతుల్లో మగది బూడిదవన్నె, ఆడది గోధుమవన్నె కావడంతో ఒకే జంటను రెండు జాతులుగా లెక్కించిన కాలం ఉంది. పైగా వేర్వేరు జాతుల ఆడపక్షులూ పిల్లలూ తెల్లపట్టీతో సహా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. గోధుమవన్నె పక్షిని వేరే జాతిగా ఇంగ్లండులో భావిస్తున్న రోజుల్లో జార్జ్ మాంటెగ్యూ గూటి పిల్లలను పెంచి, ఎదిగాక వాటి రంగు మారడం చూపి, ఆ భ్రమను తొలగించాడు. 1802లో వేరుగా గుర్తించిన మరో జాతికి ఆయన పేరే నిలిచింది, శాస్త్రీయంగా అది పైగార్గస్. దీన్నీ, 1770లో శామ్యూల్ గాట్‌లీబ్ గ్మెలిన్ 'పొడవు తోకది' అనే అర్థంలో పేరుపెట్టిన మాక్రోరస్‌నూ ఎగురుతుండగా విడదీయడం నేటికీ కష్టమే. మగవాటిలోనైతే మాంటెగ్యూ పక్షి రెక్క మీద నల్లని అడ్డగీత ఆనవాలు.

జన్యుపరీక్షలు ఈ వంశవృక్షాన్ని మళ్లీ కదిలించాయి. లినేయస్ కలిపిన సాళువలు చిలుకలకు దగ్గరివని తేలగా, ఆక్సిపిటర్ ప్రజాతిలో ఉన్న పెద్ద డేగలు తోటి చిన్న డేగలకన్నా పిల్లిగద్దలకే దగ్గరి బంధువులని రుజువై, 2024లో వాటిని ఆస్టర్ అనే వేరు ప్రజాతికి మార్చవలసి వచ్చింది.