ఉద్యోగం నుండి తొలగింపు - కార్మికుల హక్కులు (కరీంనగర్, ఆదిలాబాదు)

ఉద్యోగం నుండి తొలగింపు లేదా బర్తరఫు అనగా యజమాని కార్మికుని సేవలను శిక్షగా ముగించడం. వాడుకలో దీనిని డిస్మిస్ అంటారు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో ఇట్టి వివాదాలకు పేరుపడినవి సింగరేణి బొగ్గుగనులు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల కేసులలో తరచుగా కనిపించే ఆరోపణ విధులకు గైర్హాజరు. పై అధికారిని దూషించాడన్నది మరొకటి.

నేరుగా కోర్టుకు

పారిశ్రామిక వివాదాల చట్టం (1947) ప్రకారం తొలుత ఒక్క కార్మికుని తొలగింపు వివాదంగా పరిగణింపబడాలంటే సంఘమో, తోటి కార్మికులో దానిని చేపట్టవలసి ఉండేది. 1965లో 2-ఎ సెక్షను చేరడంతో ఆ అవసరం తీరింది. అయినా కేసును కోర్టుకు పంపే అధికారం ప్రభుత్వానిదే. 1987లో ఆంధ్ర ప్రదేశ్ చేసిన సవరణతో కార్మికుడు స్వయంగా లేబర్ కోర్టులో దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. సంఘంలో పలుకుబడి లేనివానికి ఇది చాలా పెద్ద మేలు. దేశమంతటికీ ఇట్టి వెసులుబాటు 2010లో గాని రాలేదు. సింగరేణి కార్మికులు ఎందరో ఈ సెక్షను కింద గోదావరిఖని లేబర్ కోర్టును ఆశ్రయించారు. 2016 జిల్లాల పునర్విభజన తరువాత గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలో ఉంది.

విచారణ, శిక్ష

అధికారి దుర్మార్గుడా కాదా అన్నది కోర్టు ముందున్న మొదటి ప్రశ్న కాదు. ఛార్జిషీటు ఇచ్చారా, సంజాయిషీకి గడువు ఇచ్చారా, సాక్షులను ప్రశ్నించనిచ్చారా అని చూస్తారు. సస్పెన్షనులో మొదటి 90 రోజులు సగం వేతనం, ఆపై జాప్యం కార్మికుని వల్ల కానప్పుడు 75 శాతం జీవనభృతిగా చెల్లించాలి. విచారణ లోపభూయిష్టమైనంత మాత్రాన కార్మికుడు గెలిచినట్లు కాదు. ఆరోపణను కోర్టులోనే రుజువు చేసుకునే అవకాశం యాజమాన్యానికి ఉంటుంది. రాజీనామా పత్రంపై సంతకం చేసినవాని పరిస్థితి ఇంకా కష్టం, బలవంతపెట్టారని తానే నిరూపించుకోవాలి.

1971లో చేరిన 11-ఎ సెక్షను తప్పుకు తగని శిక్షను తగ్గించే అధికారం కోర్టుకు ఇచ్చింది. 1982లో ఉత్తర ప్రదేశ్ కేసు ఒకదానిలో, అధికారితో అమర్యాదగా మాట్లాడిన కార్మికుని తొలగింపును సుప్రీంకోర్టు రద్దుచేసి రెండు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టింది. 2005లో మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో మాత్రం బూతులు తిట్టిన కార్మికుని తొలగింపును సమర్థించింది. కనుక తిట్టుకు తిట్టు బదులిచ్చేవాడు ఉద్యోగాన్ని పణంగా పెట్టినట్లే. గైర్హాజరు కేసులలో ఆసుపత్రి కాగితాలు కీలకం. కొందరికి పాత బకాయిలు లేకుండా బదిలీ ఫిల్లరుగా కొత్త నియామకం మాత్రమే దక్కింది.

తొలగించినా చేసిన పనికి వేతనం రెండు పనిదినాలలో చెల్లించాలి. ప్రావిడెంట్ ఫండును ఆపరాదు. అయిదేళ్ళు పనిచేసినవారి గ్రాట్యుటీని చట్టం పేర్కొన్న కొన్ని తప్పులకు తప్ప జప్తు చేయరాదు.

దుకాణాలలో ఆరు నెలలు పనిచేసినవారిని సహేతుక కారణం, నెల నోటీసు లేక నెల వేతనం లేకుండా తీసివేయరాదని 1988 నాటి రాష్ట్ర దుకాణాల చట్టం చెబుతుంది. బీడీ కార్మికులకు 1966 చట్టంలో ఇటువంటి రక్షణే ఉండేది.

ప్రస్తుత చట్టం

2025 నవంబరు 21 నుండి 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ (2020) అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ముందుగా రాజీ అధికారికి దరఖాస్తు చేసి, 45 రోజుల తరువాత ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చు. గడువు తొలగించిన నాటి నుండి రెండేళ్ళు. 2010 సవరణలో ఇది మూడేళ్ళు. మేనేజర్లకు, నెలకు 18,000 రూపాయలు మించిన వేతనం గల సూపర్‌వైజర్లకు ఈ మార్గం వర్తించదు.