వృద్ధాశ్రమాల సేవాధర్మం, నైతిక ప్రమాణాలు (పల్నాడు జిల్లా)

లాభం కోసం కాకుండా వయోవృద్ధులకు నీడ, తిండి, వైద్యం, తోడు సమకూర్చే సంస్థలను వాడుకలో వృద్ధాశ్రమాలు అంటారు. ఇవి సాధారణంగా సొసైటీలుగానో ట్రస్టులుగానో నమోదవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీలకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. ఏటా మిగిలిన డబ్బును సభ్యులు పంచుకోకుండా సంస్థ ఆశయానికే ఖర్చు చేయాలన్నది వీటి మూల నియమం. అయితే లెక్కలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఆశ్రమం మంచిదైపోదు. అందులో ఉన్న పెద్దావిడ ఇష్టాయిష్టాలకు విలువ ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

నేపథ్యం

నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో పత్తి, మిరప పండించి పిల్లల్ని చదివించినవారిలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటారు. ఆ పిల్లల్లో ఎందరో గుంటూరు, హైదరాబాదు, విదేశాలకు వెళ్లిపోయారు. పొలం లేని కూలీలకు, ఒంటరి ఆడవాళ్లకు ఆ మాత్రం ఆసరా కూడా లేదు. వెనకటి రోజుల్లో బాటసారికీ దిక్కులేనివారికీ సత్రాలు అన్నం పెట్టేవి. కానీ సత్రం పూటకో, నాలుగు రోజులకో ఆదుకునేది. ఆశ్రమం అలా కాదు, మనిషి చివరి సంవత్సరాల బాధ్యత మొత్తం తలకెత్తుకుంటుంది. అందుకే దానికి దయాగుణం ఒక్కటే చాలదు, కట్టుబాట్లు కూడా కావాలి.

చట్టం ఏమంటుంది

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఈ రంగానికి పునాది. అరవై ఏళ్లు నిండి, సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతకలేనివారు పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. సంతానం లేకపోతే ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి కోరవచ్చు. ఈ అర్జీలు విచారించే ట్రిబ్యునల్ నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇప్పించగలదు. విచారణ రెవెన్యూ డివిజన్ స్థాయిలో జరుగుతుంది, అప్పీలు కలెక్టర్ దగ్గరికి వెళ్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే దాకా మాచర్ల పెద్దాయన కలెక్టరు ముందుకు రావాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గుంటూరు చేరాలి. ఇప్పుడు జిల్లా కేంద్రం నరసరావుపేట. గురజాల, సత్తెనపల్లిలో కూడా డివిజన్లు ఉన్నాయి.

ఇదే చట్టం స్వచ్ఛంద సంస్థకూ ఒక పాత్ర ఇచ్చింది. తనంతట తాను అర్జీ పెట్టుకోలేని వృద్ధుడు అధికారమిస్తే, నమోదైన సంస్థ ఆయన తరఫున అర్జీ పెట్టవచ్చు. దీన్నిబట్టి ఆశ్రమం పని మంచం చూపించడంతో ఆగిపోదు. ఇంటికి తిరిగి వెళ్లాలని ఉన్నవారిని గౌరవంగా ఇల్లు చేర్చడం కూడా దాని పనే. పడకలు నిండి ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఆశ్రమాన్ని మెచ్చుకోవడం పొరపాటు.

జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమాలను ప్రభుత్వం దశలవారీగా నెలకొల్పవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. నెలకొల్పవచ్చని అందే తప్ప నెలకొల్పి తీరాలని అనలేదు. ఆ లోటును దాతలు, మత సంస్థలు, సేవాసంఘాలు పూడుస్తున్నాయి. పేదవృద్ధుల కోసం 1839లో ఫ్రాన్స్‌లో మొదలై, 1882లో కలకత్తా చేరిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినులు సికింద్రాబాదులోనూ ఆశ్రమం నడుపుతున్నారు. దేశవ్యాప్త సంస్థ హెల్పేజ్ ఇండియా 1978లో పుట్టింది.

ప్రమాణాలు

ఐక్యరాజ్యసమితి 1991లో వృద్ధుల కోసం 18 సూత్రాలు ఆమోదించింది. స్వతంత్రత, భాగస్వామ్యం, సంరక్షణ, ఆత్మవికాసం, గౌరవం అనే ఐదు శీర్షికల కింద వాటిని అమర్చింది. మన ఆశ్రమాల్లో ఇవి చిన్న చిన్న విషయాల్లోనే నిలబడతాయి, లేదంటే అక్కడే కూలిపోతాయి.

అన్నిటికన్నా ముందు వేలిముద్ర. చదువురాని అవ్వ పింఛను కోసం, బ్యాంకు కోసం, చేరిక పత్రం కోసం వేలు పెడుతుంది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు చదివి వినిపించాలి, ఆశ్రమంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పింఛను సొమ్ము ఆమెది. ఖర్చుల కింద కొంత తీసుకుంటే ఆమె ఒప్పుకోలు, రసీదు రెండూ ఉండాలి. ఆశ్రమంలో ఉంటున్నవారి నుంచి వీలునామాగానో దానపత్రంగానో ఆస్తి రాయించుకోకపోవడం ఉత్తమం. బాగా చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే రద్దు చేయించుకునే వీలు 2007 చట్టం 23వ సెక్షన్ కల్పించింది. షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం.

రెండోది ఫొటో. పుట్టినరోజుకో వర్ధంతికో దాతలు అన్నదానం చేస్తారు, అది మంచి పనే. కానీ విస్తరి ముందు కూర్చున్న తాతను, దాత వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగేదాకా ముద్ద ముట్టనివ్వకపోవడం అవమానం. అన్నం ముందు వడ్డించాలి. ఫొటోకు ఆయన ఒప్పుకుంటేనే తీయాలి, వద్దంటే మానాలి.

ట్రంకుపెట్టె తాళం చెవి ఎవరిది వారి దగ్గరే ఉండాలి. మతిమరుపు వచ్చిందని మంచానికి కట్టేయరాదు. పూజకో, ప్రార్థనకో, నమాజుకో అడ్డు చెప్పరాదు, బలవంతమూ చేయరాదు. ఇక అందరూ దాటవేసే విషయం ఒకటి ఉంది. పోయాక దహనమా, ఖననమా, ఎవరికి కబురు చేయాలి, ఎవరు కర్మ చేయాలి అన్నది బతికుండగానే నెమ్మదిగా అడిగి రాసి పెట్టుకోవాలి. అడిగితే బాధపడతారని అనుకుంటాం గానీ, చెప్పేశాక చాలామందికి మనసు తేలికపడుతుంది.

ఫిర్యాదులు, సహాయం

వృద్ధులను వదిలించుకోవాలని ఎక్కడో విడిచిపెట్టి వెళ్లడం నేరం. దీనికి అదే చట్టం 24వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోషణ అర్జీకి న్యాయవాది అక్కర్లేదు. ఆశ్రమంలో ఇబ్బంది ఉన్నా, రోడ్డు పక్కన దిక్కులేని పెద్దవారు కనిపించినా ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు, ఖర్చు ఉండదు.