పూచీకత్తు నుంచి తుపాకి స్వాధీనం దాకా

బైండోవరు అన్న మాట మనకు కొత్తది కాదు. ఎన్నికలొచ్చినా, ఊళ్ళో కక్షలు ముదిరినా అనుమానితుల్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకుంటారు. నేరం జరగకముందే వేసే పగ్గమిది. దీని మూలం ఇంగ్లండులో 1361 నాటి చట్టంలో ఉంది. అక్కణ్ణుంచి ఇది మన దేశానికీ వచ్చింది, అమెరికాకూ వెళ్ళింది. తగిన కారణం లేకుండా ఆయుధంతో తిరిగేవాడివల్ల హాని జరుగుతుందని భయపడినవారు ఫిర్యాదు చేస్తే, అతనిచేత పూచీ ఇప్పించవచ్చునని మసాచుసెట్స్ రాష్ట్రం 1836లో శాసించింది. పూచీ ఇచ్చాక ఆయుధం మాత్రం అతని దగ్గరే ఉండేది.

ఆయుధాన్నే తీసి దాచే పద్ధతి చాలా ఆలస్యంగా వచ్చింది. 1998 మార్చిలో కనెక్టికట్ రాష్ట్ర లాటరీ కార్యాలయంలో ఒక ఉద్యోగి నలుగురు పై అధికారుల్ని కాల్చి చంపి, తానూ కాల్చుకున్నాడు. మరుసటి ఏడే అక్కడ చట్టం వచ్చింది. ప్రమాదం పొంచి ఉందని పోలీసులు ఆధారాలు చూపితే న్యాయమూర్తి ఆయుధాల స్వాధీనానికి వారంటు ఇస్తాడు. 14 రోజుల్లో విచారణ జరగాలి. ఆపైన ఏడాది వరకు ఆయుధాలు ఆపి ఉంచవచ్చునని నాటి చట్టం చెప్పింది.

చట్టం లేకపోతే ఏమవుతుందో ఇండియానా రాష్ట్రం చూసింది. 2004లో ఇండియానాపోలిస్ పోలీసులు మనసు స్థిమితం లేని ఒకతని తుపాకులు తీసుకున్నారు. ఉంచుకునే అధికారం లేక తిరిగి ఇచ్చేశారు. ఆ ఆగస్టులో అతడే జేక్ లెయిర్డ్ అనే పోలీసును కాల్చి చంపాడు. 2005లో వచ్చిన చట్టానికి ఆ పోలీసు పేరే పెట్టారు. 2014లో కాలిఫోర్నియా, కుటుంబ సభ్యులు కూడా కోర్టుకు వెళ్ళే వీలు కల్పించింది. 2018లో ఫ్లోరిడాలోని ఒక పాఠశాలలో 17 మంది బలయ్యాక మరిన్ని రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. నేడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి.

ఆక్షేపణా చిన్నది కాదు. అక్కడ ఆయుధం 1791 నుంచి రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఏ నేరమూ రుజువు కాని మనిషి హక్కును, తొలి ఉత్తర్వు నాడు అతని మాట వినకుండానే తీసుకోవచ్చునా? గృహహింస కేసుల్లో కోర్టు ఆంక్షలున్నవారికి తుపాకి నిషేధించే వేరొక చట్టాన్ని 2024లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో సమర్థించింది. అందుకు ఆధారం చేసుకున్నవాటిలో ఆ పాత పూచీకత్తు చట్టాలే ముఖ్యమైనవి.

మన చరిత్ర మరోలా నడిచింది. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం, ఎవరినీ విచారించకుండానే ఒక జాతినంతా ప్రమాదకరమైనదిగా లెక్కగట్టింది. ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. కొడవలకు దక్కిన మినహాయింపు సంగతి కర్ణాటకలోని మనవాళ్ళకు తెలిసిందే. 1959 చట్టం ఆ జాతిభేదాన్ని తీసేసింది గాని, ఆయుధాన్ని అనుమతిగానే ఉంచింది. లైసెన్సు ఇచ్చిన అధికారే కారణాలు రాసి దాన్ని రద్దు చేయవచ్చు. దానిపై అప్పీలు ఉంది.

అనుమానం మీద మనిషిని కట్టడి చేయడం ఆరున్నర శతాబ్దాల పాత సంగతి. ఆ అనుమానాన్ని తూచేది ఎవరు, కట్టడి ఎన్నాళ్ళు, అతని మాట వినేది ఎప్పుడు? 1878 చట్టంలో మన పెద్దలకు ఈ మూడింటికీ జవాబు దొరకలేదు. ఏ దేశంలో ఇలాంటి చట్టం వచ్చినా ముందుగా అడగవలసినవి ఇవే.