నకలు దించిన చేతులు

గురువు రాసిచ్చిన అక్షరాల మీదే దిద్దుకుంటూ మనం ఓనమాలు నేర్చాం. ఐరోపాలో రూపచిత్రకళ కూడా శతాబ్దాల పాటు అలాగే సాగింది. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని, పదిమంది వెంట పడకుండా ఒక్క ఉత్తమ గురువును ఎంచుకుని అతని పనినే దించమని కుర్రాళ్లకు చెప్పాడు. కుర్రాళ్లతోనే అది ఆగలేదు. 1628లో మాడ్రిడ్ చేరేనాటికి రూబెన్స్‌కు యాభై దాటాయి, రాజులు కబురంపి పిలిపించుకునే పేరుంది. అయినా టిషియన్ చిత్రాల ముందు మళ్లీ విద్యార్థి అయ్యాడు. 'ఆదాము, అవ్వ'ను దించుతూ అసలులో లేని ఎర్ర చిలకనొకదాన్ని వాల్చాడు. నకలు ఎన్నడూ ఉత్త నకలు కాదనడానికి ఆ చిలకే నాకు సాక్షి.

1793లో లూవ్ర్ మ్యూజియం ప్రజలకు తెరుచుకున్నాక ఈ విద్య పనిశాల గడప దాటింది. నకలు అసలు కొలతలో ఉండకూడదన్న నియమం అక్కడ నేటికీ ఉంది. యువకుడు మటీస్ అక్కడి చిత్రాలకు నకళ్లు అమ్ముకుని రోజులు నెట్టాడు. ఇటు తిరువాంకూరులో రవివర్మ, చిత్రకారుడు జెన్సన్ దొర పని చేస్తుంటే చూసి నూనె రంగుల కిటుకు పట్టాడు. ఆ కాలపు ఐరోపా కళావిద్యాలయాలకు మాత్రం కుంచె జాడ కనబడనివ్వకపోవడమే నేర్పు.

మలుపు 1889లో, సెయింట్ రెమీ చికిత్సాలయంలో వచ్చింది. ఎదుట కూర్చునే మనుషులు దొరకని వాన్ గో, మిల్లే చిత్రాల నలుపు-తెలుపు అచ్చుప్రతులు ముందు పెట్టుకుని ఇరవైకి పైగా నకళ్లు వేశాడు. గీత మిల్లేది, రంగు తనది. బీథోవెన్ కృతిని వాద్యకారుడు తన పద్ధతిలో వాయించినట్టే ఇదీ అని తమ్ముడికి రాసుకున్నాడు. 1905లో డ్రెస్డెన్‌లో నలుగురు వాస్తుశిల్ప విద్యార్థులు 'డీ బ్రూకె' అనే చిత్రకారుల సంఘం కట్టారు. అదే ఏడాది చివర ఆ ఊరి ప్రదర్శనలో వాన్ గో చిత్రాలు చూసి వాళ్ల చేయి తీరే మారిపోయింది. 1909లో మ్యూనిక్‌లో చిత్రకారుడు యావ్లెన్‌స్కీ, నర్తకుడు సఖరోవ్ బొమ్మను అరగంట లోపే ముగించాడట. మళ్లీ దిద్దుతాడేమోనన్న భయంతో నర్తకుడు తడి ఆరకముందే దాన్ని పట్టుకుపోయాడని చెబుతారు.

సఖరోవ్ బొమ్మలోని ఎర్ర దుస్తులనూ తెల్లని ముఖాన్నీ దించబోయిన విద్యార్థికి పాత పాఠాలు సగమే అక్కరకొస్తాయి. పలుచని పొర ఆరనిచ్చి, దానిపై నూనె ఎక్కువున్న పొర వేసే ఓపిక ఇక్కడ చెల్లదు. తడి మీద తడి, ఒక్క గీటు, అంతే. నెమ్మదిగా దించితే గీత కుదురుతుంది గానీ ప్రాణం పోతుంది. అయితే ఈ చిత్రకారులు చెంపకు పచ్చ పులిమినా ముఖం ముఖంలాగే ఎందుకుంటుందో కళ్లు చికిలించి చూస్తే తెలుస్తుంది: రంగు మారినా వెలుగునీడల పాళ్లు చెదరలేదు. టిషియన్ ముందు రూబెన్స్ దిద్దుకున్నదీ ఈ లెక్కనే.

1956-57లో లండన్‌లో ఫ్రాన్సిస్ బేకన్, టారస్కాన్ దారిన నడిచిపోయే వాన్ గో స్వీయచిత్రాన్ని పట్టుకుని వరసగా చిత్రాలు వేశాడు. ముదురు చీకట్లలో మునిగిన అతని కాన్వాసు మీదికి చిక్కని ఎరుపులూ పసుపులూ ఎక్కాయి. అసలు చిత్రం అప్పటికే యుద్ధంలో నాశనమైంది. వాన్ గోకు మల్లేనే బేకన్ ముందున్నదీ అచ్చుప్రతే.