కేంబ్రిడ్జి కళాశాలా ప్రార్థనామందిరము: నిర్బంధారాధన, స్వేచ్ఛాసమాజము

విశ్వవిద్యాలయముల చరిత్రను వ్రాయువారు పాఠ్యక్రమములను, పరీక్షలను, ఆచార్యపరంపరను విపులముగా వర్ణించి, ప్రార్థనామందిరమును కేవలము శిల్పవిషయముగా పేర్కొని విడుచుట సామాన్యము. కాని ఇంగ్లండునందలి ప్రాచీన విద్యాపీఠములలో కళాశాల యనగా కలిసి భుజించి, కలిసి ప్రార్థించి, కలిసి చదువుకొను ఒక సమాజము. ఆ సమాజమునకు ఆరాధనయే ఆధారమని చెప్పుదురు. అట్లయిన ఆరాధనకు వచ్చినవారు నియమమునకు లోబడి వచ్చిరా, స్వేచ్ఛగా వచ్చిరా? ఈ భేదము ఆ సమాజస్వరూపమును ఎట్లు మార్చినది? కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల మందిరమును ప్రధానోదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

ఆరవ హెన్రీ 1441లో ఈ కళాశాలను స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది సంవత్సరములు. ఆయన విధించిన నిబంధనల ననుసరించి ఇందు ఒక అధ్యక్షుడు, 70 మంది విద్యార్థి సభ్యులు, ఆరాధనకై 10 మంది గురువులు, 6గురు గాయకులు, 16 మంది బాలగాయకులు ఉండవలెను. సంగీతముతో కూడిన నిత్యారాధన కళాశాలకు అలంకారము కాదు, దాని నిర్మాణములోనే భాగమని ఈ సంఖ్యలే తెలుపుచున్నవి. 1446 జూలై 25న రాజు స్వయముగా మందిరమునకు శంకుస్థాపన చేసెను. పిదప గులాబీ యుద్ధములు చెలరేగినవి. 1461లో హెన్రీ పదచ్యుతుడయ్యెను. 1471లో చెరసాలయందు మరణించెను. పని పలుమార్లు నిలిచిపోయినది. గోడల క్రిందిభాగమున తెల్లని రాయియు, పైభాగమున వేరొక వన్నె రాయియు నేటికిని కనిపించుట ఆ విరామమునకు సాక్ష్యము. జాన్ వాస్టెల్ అను శిల్పి విసనకఱ్ఱలవలె విచ్చుకొన్న రాతి కప్పును 1512-1515 సంవత్సరముల నడుమ పూర్తిచేసెను. స్థాపకుని సంకల్పము నెరవేరుటకు దాదాపు 70 సంవత్సరములు పట్టినది.

ఇట్లు రాజపోషణతో వెలసిన ఆరాధన కాలక్రమమున కళాశాలా క్రమశిక్షణలో నొక యంగమైనది. మతసంస్కరణానంతరము ఆంగ్లసంఘ ప్రార్థనాక్రమము విధిగా నిలిచినది. మందిరమునకు వచ్చుట పాఠమునకు వచ్చుటవలె లెక్కింపబడుచుండెను. ఈ పద్ధతి ఎట్టి విపరీతమునకు దారితీసెనో సమీపమందలి ట్రినిటీ కళాశాలలో 1838లో జరిగిన యుదంతము చక్కగా తెలుపును. అధికారులు విద్యార్థుల హాజరు విషయమై నియమములను బిగించిరి. అంతట విద్యార్థులు కొందఱు, తమ వర్గమునందలి క్రౌర్యమును నివారించు సంఘమని పరిహాసముగా పేరు పెట్టుకొని, ఫెలోలు అనబడు సభ్యాచార్యులు ఎన్నిమార్లు మందిరమునకు వచ్చుచున్నారో లెక్కించి ఆ పట్టికలను అచ్చువేసి పంచిరి. ఎక్కువమార్లు వచ్చిన చార్లెస్ పెరీకి బైబిలును బహుమానముగా నిచ్చిరి. ఆయనయే పిమ్మట మెల్‌బోర్న్ నగరమునకు ప్రథమ బిషప్పయ్యెను. పరిహాసమున కిది ఒక యెత్తు. కాని హాజరు పట్టిక భక్తికి ప్రమాణము కాజాలదను సత్యమును విద్యార్థులే ఋజువుచేసిరనుట గమనింపదగినది.

అంతమాత్రమున నిర్బంధము సర్వథా నిష్ఫలమని తీర్మానింపరాదు. దీనికి చార్లెస్ సిమియన్ జీవితము ప్రబలమైన ప్రతికూలోదాహరణము. ఈయన 1779 జనవరిలో కింగ్స్ కళాశాలలో చేరెను. కొలది దినములకే, ప్రభుభోజన సంస్కారమునందు తప్పక పాల్గొనవలెనని అధ్యక్షునినుండి ఆదేశము వచ్చినది. తాను అందుకు అయోగ్యుడనని ఆ యువకుడు కలత చెందెను. ఆ సంస్కారమును గూర్చి విల్సన్ బిషప్పు వ్రాసిన గ్రంథమును చదివెను. ఆ సంవత్సరపు ఈస్టరు పండుగనాటికి ఆయనకు మనశ్శాంతి లభించెను. నియమము ఆయనను ద్వారమువఱకు తెచ్చినది. లోపలికి నడిపించినది మాత్రము ఆయన యంతఃకరణమే.

తరువాతి కథ మఱింత ముఖ్యమైనది. సిమియన్ కింగ్స్ కళాశాల ఫెలోగా నుండి, 1782 మొదలు 1836లో మరణించువఱకు కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ దేవాలయమున గురువుగా పనిచేసెను. మొదట అచ్చటి పెద్దలు తమ పీఠములకు తాళములు వేసి ఆయనను ఎదిరించిరి. ఆయన శుక్రవారపు సాయంకాలములందు తన గదికి వచ్చు విద్యార్థులకు తేనీరిచ్చి, వారి సందేహములకు సమాధానములు చెప్పుచుండెను. ఆ గదికి హాజరు పట్టిక లేదు. సహాధ్యాయులు హేళన చేయుచుండినను విద్యార్థులు వచ్చుచుండిరి. కావున ఆనాటి కళాశాలలో రెండు ఆరాధనాసమాజములు ఉండెనని చెప్పవచ్చును: ఒకటి శాసనము సమకూర్చినది, రెండవది మైత్రి సమకూర్చినది.

ఈ రెండవదాని ప్రభావము ఆంధ్రదేశము వఱకు ప్రాకినది. 1799లో ఏర్పడిన చర్చి మిషనరీ సంఘమునకు మూలపురుషులలో సిమియన్ ఒకడు. ఆ సంఘమే 1841లో కేంబ్రిడ్జి సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివిన రాబర్ట్ నోబుల్‌ను, ఆక్స్‌ఫర్డు వాధమ్ కళాశాలలో చదివిన హెన్రీ ఫాక్స్‌ను మచిలీపట్టణమునకు పంపినది. 1843లో నోబుల్ అచ్చట నెలకొల్పిన పాఠశాలయే నోబుల్ కళాశాలకు మూలము.

1871 నాటి విశ్వవిద్యాలయ చట్టము పట్టములకును, పదవులకును ఉన్న మతపరీక్షలను చాలవఱకు తొలగించినది. అయినను కళాశాలా మందిరములలో ప్రాతఃసాయంకాల ప్రార్థనలు యథాపూర్వముగా సాగవలెనని ఆ చట్టమే విధించినది. అనగా ఆరాధన నిలిచినది. విశ్వాసము వ్యక్తి యిచ్ఛకు విడువబడినది. ఇట్టి స్థితిలో మందిరము ఎవరికొఱకు అను ప్రశ్న తప్పక పుట్టును.

దానికి ఒక సమాధానము 1918లో లభించినది. మొదటి ప్రపంచయుద్ధమున సేనాగురువుగా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్-వైట్ 34 ఏండ్ల వయస్సున కింగ్స్ మందిరమునకు డీన్‌గా నియుక్తుడయ్యెను. ఆరాధన మఱింత సజీవమైన కల్పనతో నుండవలెనని యుద్ధానుభవము ఆయనకు నేర్పినది. 1880లో ట్రూరోయందు బెన్సన్ బిషప్పు రూపొందించిన క్రమమును గ్రహించి, 1918 క్రిస్మస్ ముందటి సాయంకాలమున తొమ్మిది పాఠముల, క్రిస్మస్ గీతముల ఉత్సవమును ఆయన జరిపించెను. ఆదాము పతనముతో నారంభమై యోహాను సువార్త మొదటి అధ్యాయముతో ముగియు ఈ పాఠములను బాలగాయకుడు మొదలు కళాశాలాధ్యక్షుని వఱకు వేర్వేరు శ్రేణులవారు చదువుదురు. ప్రారంభ ప్రార్థనలో దరిద్రులతోపాటు మృతులును స్మరింపబడుదురు. యుద్ధమున తనవారిని కోల్పోయిన కళాశాలకు అది ఎంత యవసరమో ఊహింపవచ్చును. ఇది 1928లో మొదట రేడియోద్వారా ప్రసారమయ్యెను. 1930 మినహా ఏటేటను ప్రసారమగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున వర్ణగవాక్షములను తొలగించి భద్రపఱచిరి, స్థలనామమును చెప్పక దాచిరి. ఉత్సవము మాత్రము ఆగలేదు.

పైచర్చ వలన తేలిన యంశ మిది. నిర్బంధము తొలగుటతో ఆరాధనాజీవనము క్షీణించినదను మాట సగము మాత్రమే సత్యము. క్షీణించినది సంఖ్య, ఆ సంఖ్య యెన్నడును విశ్వాసమునకు కొలత కాలేదు. సిమియన్ గదియు, మిల్నర్-వైట్ ఉత్సవమును పిలుపు వలన సమాజము నేర్పఱచినవి. కావున మన దేశమందలి క్రైస్తవకళాశాలల చరిత్రను పరిశోధింపబూనువారు హాజరు పుస్తకములతో తృప్తిపడక, జాబులను, దినచర్యలను, వసతిగృహముల జ్ఞాపకములను గూడ వెదకవలెను. ఎవరు వచ్చిరో పుస్తకము చెప్పును. ఎందులకు వచ్చిరో వారి జాబులే చెప్పవలెను.