ఇంజను తలక్రింది రేకు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పెద్దలు ఆయిలింజనును ఎరుగనివారు కారు. అయినను ఆ యంత్రములో ఒక చిన్న వస్తువు చరిత్ర మనలో పలువురకు తెలియదు. సిలిండరునకును, దానిపై మూతగా బిగించు తలకును నడుమ ఒక పలుచని రేకు ఉండును. దానిని హెడ్ గ్యాస్కెట్టు అందురు. మన మిస్త్రీలు ప్యాకింగు అందురు. ఆ రేకును గురించియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా ఇంజను మన సీమకు ఎందులకు కావలసి వచ్చెనో చూతము. మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863లో ఆరంభించిన కర్నూలు–కడప కాలువను 1882లో ప్రభుత్వమువారు కొనిరి. సుంకేసుల యానకట్టనుండి తుంగభద్ర నీరు ఆ కాలువ వెంట నంద్యాల సీమకు వచ్చెను. కాని కాలువ ఎక్కని మెరకలలో రైతునకు బావియే దిక్కు, ఎద్దులును కపిలయే సాధనము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు చెన్నరాజధానిలో బావులపై ఆయిలింజనుల వాడుకను ప్రోత్సహించెను. 1912లో ‘లిఫ్ట్ ఇరిగేషన్’ అను గ్రంథమును ప్రకటించెను. తరువాత ఇంగ్లండులోని లిస్టరు కంపెనీవారు నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఆరు గుఱ్ఱముల బలము గల ఇంజనును తెచ్చిరి. దాని పోలికనే రాజకోటలో చేసిన యంత్రములు దేశమంతట వ్యాపించెను.

ఆ ఇంజను సిలిండరు అడ్డుకొలత నాలుగున్నర అంగుళములు. అనగా దాని నోరు ఇంచుమించు 16 చదరపు అంగుళములు. చమురు మండినపుడు చదరపు అంగుళమునకు 800 పౌనుల ఒత్తిడి పుట్టినదనుకొన్నచో, తలను పైకెత్తజూచు బలము అయిదు టన్నులను మించును. అట్టి దెబ్బ నిమిషమునకు 325 మారులు తగులును. ఒకవైపు నిప్పు, మరియొకవైపు చల్లార్చు నీరు. ఈ రెండును కలియకుండ కాచునది ఆ పలుచని రేకే.

ఇనుమునే బాగుగ నునుపుచేసి కూర్చినచో చాలదా అని మీరడుగవచ్చును. అహోబిల క్షేత్రమునకు వాకిలియైన ఆళ్లగడ్డలో శిల్పులు రాతిని చదును చేయు నేర్పు మీరెరిగినదే. విజయనగర కాలపు గుడిగోడలలో సున్నము లేకయే రాయి రాతిపై కూర్చుండినది. కాని గుడిగోడ కదలదు. ఇంజను తలయో వేడికి పెరుగును, చల్లబడి ముడుగును. అల్యూమినియము ఇనుముకంటె రెండింతలు వ్యాకోచించును. కావున రెండు లోహముల నడుమ కొంత లొంగి, కొంత నిలిచెడి వస్తువు కావలెను.

అందులకు మన పూర్వపు యంత్రకారులు రాగి రేకుల నడుమ రాతినారను పొదిగిరి. ఈ నార నిప్పునకు కాలదు, ఒత్తిడికి నలగదు. కుందూనది దిగువకు పోయి పెన్నలో కలియు కడప జిల్లాలోనే, పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె గనులలో శ్రేష్ఠమైన తెల్ల రాతినార దొరకెను. కాని దాని సన్నని పోగులు ఊపిరితో లోనికి పోయి, ఇరువది ముప్పది ఏండ్లకు ఊపిరితిత్తుల వ్యాధిగను, పుట్టకురుపుగను బయలుపడును. ఇంజను ఊపిరి నిలిపిన నారయే కూలివాని ఊపిరి తీసినది. 1986లో భారత ప్రభుత్వము దీనికి క్రొత్త గని కౌళ్లు ఇయ్యవలదని ఆజ్ఞాపించెను. 1993లో పాత కౌళ్ల పొడిగింపును నిలిపెను. 1995లో సుప్రీంకోర్టు రాతినార పనివారి ఆరోగ్యమును కాపాడుట యజమానుల బాధ్యతయని తీర్పు చెప్పెను.

నేడు దాని స్థానమున గ్రాఫైటు పొదిగిన రేకులును, ఉక్కు పొరల రేకులును వచ్చినవి. ఉక్కు పొరలలో ఒత్తిన గట్లు స్ప్రింగువలె పనిచేయును. అయితే అవి అద్దమువంటి నునుపును కోరును. గరుకు తలపై వానిని వేయుట వ్యర్థము. ఇంజను శక్తిని మిక్కిలి హెచ్చించువారు కాల్చి మెత్తపరచిన రాగి రేకును వేసి, సిలిండరు అంచున గాడి కోసి ఉక్కు తీగను పొదుగుదురు. ఒత్తిడి పెరిగిన కొలది అంచు బందోబస్తు పెరుగవలెను గదా! రేకు మందమును ఇష్టానుసారము మార్చరాదు. పలుచనైన పిస్టను తలకు తగులవచ్చును. మందమైన గాలి చాలినంత కుదియక ఇంజను అంటుకొనదు.

ఎంత మంచి రేకైనను బిగించు పద్ధతి చెడినచో నిలువదు. తలపై ఉక్కుబద్ద నిలిపి, సందు ఉన్నదేమో చూడవలెను. బోల్టులను ఒక్కసారిగ గాక, నడుమనుండి అంచులకు, ఎదురెదురుగ, రెండు మూడు విడతలుగ, తయారుచేసినవారు చెప్పిన బిగువు వరకు త్రిప్పవలెను. పాతరకపు రేకు వేసినచో ఇంజను నడచి చల్లారిన పిదప మరల చూడవలెను. నీటితొట్టిలో బుడగలు లేచినను, నూనె మజ్జిగవలె తెల్లబారినను రేకు పోయినదని గ్రహించి యంత్రమును నిలుపుడు.

పెద్దలారా, ఒక్క విన్నపము. మీ కొట్టాలలో మూలబడిన పాత ఇంజనులు ఇంకను ఉండవచ్చును. వాని తల విప్పునపుడు అడుగున ఉన్న రేకు రాతినారదియే యని ముందుగ భావించుడు. దానిని పొడిగ గీయవలదు, తీగెబ్రష్షుతో రుద్దవలదు, దుమ్మును ఊదవలదు. నీటితో తడిపి తీసి, సంచిలో మూటగట్టి, పిల్లలకు దూరముగ ఉంచుడు. మిస్త్రీకి ఈ మాట మీరే చెప్పుడు. పెద్దల మాట అతడు వినును. మడి తడియవలసినదే గాని, అందులకు ఒకని రొమ్ము ఎండరాదు.