ఊరు పోయిన కవి – ఉత్సవమైన పుట్టినరోజు

మార్చి నెల 13వ తేదీ పాలస్తీనీయులకు జాతీయ సంస్కృతీ దినం. అది ఏ రాజుగారి పట్టాభిషేకం జరిగిన రోజూ కాదు, ఏ యుద్ధంలోనో గెలిచిన రోజూ కాదు. 1941లో ఆనాడు మహమూద్ దర్వీష్ అనే కవి పుట్టారు, అంతే. ఒక కవి పుట్టినరోజును ఒక జాతి తన పండుగగా ఎందుకు చేసుకున్నదో తెలియాలంటే ముందు ఆయన ఊరి సంగతి తెలుసుకోవాలి.

గలిలీ ప్రాంతంలో అక్కా పట్టణానికి తూర్పుగా అల్-బిర్వా అనే పల్లె ఉండేది. జనాభా సుమారు 1,500. 1948 యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరిని పట్టుకున్నది. ఏడేళ్ళ పిల్లవాడైన దర్వీష్‌ను వెంటబెట్టుకుని కుటుంబమంతా లెబనాన్‌కు పారిపోయింది. ఏడాది గడిచాక దొంగచాటుగా సరిహద్దు దాటి వస్తే ఏముంది? ఊరు నేలమట్టమైపోయింది. ఆ భూముల్లో కొత్తగా యూదుల కాలనీలు వెలిశాయి. పైగా జనాభా లెక్కలు తీసిన నాడు వీరు అక్కడ లేరు గనుక, ప్రభుత్వం వారిని "హాజరులో ఉన్న గైరుహాజరీలు"గా జమకట్టింది. మనిషి కళ్ళెదుట ఉన్నాడు, కాగితం మీద మాత్రం లేడన్నమాట!

1966 వరకు ఇజ్రాయెల్‌లోని అరబ్బులు సైనిక పాలన కింద బతికారు. పక్క ఊరికి పోవాలన్నా పర్మిట్ కావాలి. అటువంటి రోజుల్లో ఊళ్ళల్లో కవితా సభలు జరిగేవి. వాటిని అరబ్బీలో "మెహర్‌జాన్" అంటారు. మన ముషాయిరాల వంటివే అనుకోండి. కవిత నోటి నుండి చెవికి, చెవి నుండి ఊరికి పాకేది. అధికారులకు అదే భయం. దర్వీష్ బడిలో చదివే రోజుల్లోనే ఒక సభలో తన కవిత చదివారు. యూదు బాలుడికి ఉన్న ఇల్లూ ఆటబొమ్మలూ తనకెందుకు లేవన్నదే అందులోని ప్రశ్న. మర్నాడు సైనిక గవర్నరు పిలిపించి, ఇటువంటివి మళ్ళీ రాస్తే రాళ్ళ క్వారీలో మీ నాన్న పని ఊడుతుందని బెదిరించాడు. కవిత్వమంటే ఇంత బలముందా అని ఆ పిల్లవాడికి తెలిసింది ఆనాడే. 1961 నుండి 1969 వరకు ఆయన పలుమార్లు జైలుకు, గృహనిర్బంధానికి గురయ్యారు.

1970లో చదువుకని మాస్కో వెళ్ళారు. అక్కడి నుండి కైరో, ఆపైన బీరూట్. 1981లో "అల్-కర్మెల్" సాహిత్య పత్రికను స్థాపించారు. మన ఉర్దూ అభిమానులు ఎరిగిన ఫైజ్ అహ్మద్ ఫైజ్ కూడా ఆ కాలంలో బీరూట్‌లోనే ఉండి "లోటస్" పత్రికను నడిపారు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం బీరూట్‌ను ముట్టడించాక దర్వీష్ మళ్ళీ దారి పట్టారు, ట్యూనిస్, పారిస్. 1988 నవంబరు 15న అల్జీర్స్‌లో వెలువడిన పాలస్తీనా స్వాతంత్ర్య ప్రకటనను రాసింది ఆయనే. మూడు రోజులకే, నవంబరు 18న, మన భారతదేశం ఆ రాజ్యాన్ని గుర్తించింది. 1993లో ఓస్లో ఒప్పందం నచ్చక విమోచన సంస్థ కార్యవర్గానికి రాజీనామా ఇచ్చారు. 1996లో రమల్లా చేరారు గానీ బిర్వా చేరలేదు.

2008 ఆగస్టు 9న అమెరికాలోని హ్యూస్టన్‌లో గుండె ఆపరేషన్ తరువాత కన్నుమూశారు. మూడు రోజులు సంతాప దినాలు పాటించి రమల్లాలో ఒక గుట్ట మీద ఖననం చేశారు. అక్కడే 2012లో మ్యూజియం వెలిసింది. దాని చుట్టూ ఉన్న తోటకు "అల్-బిర్వా" అని పేరు పెట్టారు. నేల మీద లేని ఊరు ఆ విధంగా కవి సమాధి పక్కన మళ్ళీ వెలిసింది. ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ మార్చి 13న రచయితలను, కళాకారులను పురస్కారంతో గౌరవిస్తూ వచ్చింది. 2010లో ఆ గౌరవం పొందినవారిలో ఈజిప్టు రచయిత్రి అహ్‌దాఫ్ సూయిఫ్ ఒకరు.

ఈ సూయిఫ్ గారే 2008లో పాలస్తీనా సాహిత్యోత్సవాన్ని మొదలుపెట్టినవారు. చెక్‌పోస్టుల వల్ల జనం సభకు రాలేరు గనుక సభే ఊరూరా జనం దగ్గరకు పోవాలన్నది దాని పద్ధతి. తొలి ఉత్సవానికి స్వాగత వాక్యాలు పంపినవారు దర్వీష్. మరుసటి ఏడు, 2009 మేలో, జెరూసలేంలోని ఒక థియేటరులో ప్రారంభ సభ మొదలవబోతుండగా పోలీసులు వచ్చి మూయించారు. రచయితలు, శ్రోతలు కలిసి నడుచుకుంటూ ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రానికి వెళ్ళి సభ జరుపుకున్నారు. అరవై ఏళ్ళ నాడు గవర్నరు పర్మిట్, ఇప్పుడు పోలీసు తాళం. అయినా సభ ఆగలేదు.

సోదర సోదరీమణులారా! ఇల్లు కూల్చవచ్చు, పొలం లాక్కోవచ్చు, లెక్కల్లో నుంచి పేరు కొట్టేయవచ్చు. కానీ ఊరి పేరు నలుగురి నోట ఆడుతున్నంత కాలం ఆ ఊరు పూర్తిగా పోయినట్టు కాదు. మార్చి 13 చెప్పేది అదే. మన ఇళ్ళల్లోనూ పాత ఊళ్ళ పేర్లు, పాత మాటలు, పాత పాటలు ఎరిగిన పెద్దలున్నారు. వారు ఉండగానే అడిగి రాసిపెట్టుకుందాం.